పేర్లు లేని కొలతల పుస్తకం

నాలుగింటికి కోర్టు, స్టేషన్లో ఉన్న నిందితుణ్ణి తీసుకెళ్ళాలి. గోడ గడియారంలో రెండూ పది.

టీచరమ్మకి కుర్చీ వేశారు గాని ఆమె కూర్చోలేదు. మెడలో వేలాడే విజిలు తాడును చూపుడువేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. ఇప్పుడు డిటెక్టివ్ పని చేస్తున్నా ఆమె ఆ విజిలును వదల్లేదు, టీచరమ్మ అన్న పేరూ ఆమెను వదల్లేదు.

"కూర్చోండి టీచరమ్మా. మీ పచార్లు చూసి మాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కూర్చుంటే మీ ఫైళ్ళలాగే నేనూ ఇక్కడే ఉండిపోతాను. సాక్షులు ఏం చెప్పారో చదవండి."

బయట పొద్దుటి నుంచీ వాన. లోపల ఉక్క. ఫ్యాను తిరగడం లేదు. తలుపు దగ్గర హెడ్డు కానిస్టేబులు టోపీ తీసి దాంతోనే విసురుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం టోపీని నుదుటి మీదికి లాక్కుని, కర్రలా నిటారుగా కూర్చున్నాడు. ఆరో తరగతిలో కూడా ఇలాగే ఉండేవాడు వీడు. భుజం మీది నక్షత్రాలు ఒకవైపు కాస్త కిందికి దిగినట్టు కనబడి, సర్దడానికి ఆమె చెయ్యి దానంతటదే లేచింది. ఇది బడి కాదని గుర్తొచ్చి చెయ్యి దించుకుంది.

జరిగింది ఇదీ. పదిహేను రోజుల కిందట పత్తి గోడౌను తగలబడి, కాపలా మనిషి పొగకి ఊపిరాడక చనిపోయాడు. అతని భార్య టీచరమ్మను ఆశ్రయించింది. గోడౌను వెనక ముళ్ళకంపలో టీచరమ్మకి ఒక కోటు దొరికింది. దాని లోపలి జేబులో సిరాతో 212 అని ఉంది. ఈ ఉదయం దాన్ని పట్టుకుని దర్జీ మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. మేస్త్రి కుట్టు చూసి, "ఇది నా చేతి పనేనమ్మా. ఎవరిదో పుస్తకం తీసి చూడాలి. రెండింటికి రండి," అన్నాడు. కోటు అక్కడే వదిలి, పదకొండింటికి స్టేషనుకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది. ఒంటిగంటకల్లా మేస్త్రి తల పగిలి నెత్తుటి మడుగులో ఉన్నాడు. పక్కన ఇస్త్రీ పెట్టె. కోటూ లేదు, కొలతల పుస్తకమూ లేదు.

ఆ కోటు అక్కడ వదలకుండా ఉంటే! ఆ మాట ఒంటిగంట నుంచి ఆమెను చీమలా కుడుతూనే ఉంది.

"సాక్షులు ఇద్దరు," అని ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచాడు. "ఎదురింటి తాళాల షాపు ముసలాయన. పన్నెండూ నలభైకి రెయిన్‌కోటు తొడుక్కుని, ముసుగు వేసుకున్న మనిషి మెట్లు దిగడం చూశాడు. తాటిచెట్టంత పొడుగు, గూని. రెండు, బ్రెడ్డు షాపావిడ. అదే టైము. ఈనెపుల్లలా ఉన్నాడు, గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నాడు, గూని."

"తాళాలాయన నా భుజం దాకా రాడు. ఆయనకి చీపురుకట్ట కూడా తాటిచెట్టే. ఇక ఆ బ్రెడ్డు షాపు మహాతల్లి ముందు నేనూ ఈనెపుల్లే, మీరూ ఈనెపుల్లే. ఎవరి ఒంటితో వాళ్ళు కొలుస్తారు ఇన్‌స్పెక్టరు గారూ."

హెడ్డు కిసుక్కుమన్నాడు. "మరి నన్ను చూస్తే ఏమంటారమ్మా?"

"నిన్ను చూస్తే ఎవరైనా ఒకటే అంటారు నాయనా."

హెడ్డు తన బొజ్జ వైపు చూసుకుని ఆ నవ్వు మానేశాడు.

"గూని అని మాత్రం ఇద్దరూ చెప్పారు కదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ షాపులో గూనివాడు ఒక్కడే. ఆ ఇస్త్రీ పెట్టె పట్టేదీ ఒక్కడే. వాణ్ణి అందరూ ఏమని పిలుస్తారో తెలుసా? కొడవలి. పేరులోనే ఆయుధం ఉంది."

"మీ చిన్నప్పుడు మిమ్మల్ని అందరూ బుద్ధిమంతుడు అనేవాళ్ళు. పేరుదేముంది! నన్ను అతనితో మాట్లాడనివ్వండి."

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. "పది నిమిషాలు. నా ఎదురుగానే మాట్లాడాలి."

*

కొడవలి చువ్వల వెనక నేల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ బల్ల మీదికి ముప్పై ఏళ్ళు వంగి వంగి నడుం దగ్గర విల్లులా ఒంగిపోయాడు. మెడ మాత్రం తాబేలు మెడలా పైకి లేచి ఉంది. చువ్వలకివతల అతని కూతురు, మేస్త్రి దగ్గరే కాజాలు తీసి గుండీలు కుట్టే పిల్ల, గోడకి అతుక్కుపోయి నిలబడింది. ఏడుపు అయిపోయాక వచ్చే ఎక్కిళ్ళు ఇంకా ఆగలేదు.

"మేస్త్రి ఎలా ఉన్నాడమ్మా?" కొడవలి మొదటి మాట అదే.

"ఇంకా తెలివి రాలేదు. పన్నెండున్నర నుంచి ఏం చేశావో చెప్పు."

"పెట్టె ఆపేసి పెరట్లోకి వెళ్ళాం, నేనూ మా అమ్మాయీ. అన్నం తిని, చేతులు కడుక్కుని, ఒంటిగంటకి మెట్లెక్కాను. అంతే. చూశాను, అరిచాను. అరిచినవాణ్ణే పట్టుకొచ్చారు."

"నాన్న నాతోనే ఉన్నాడండీ. ఒక్క మెతుకు కూడా నేను లేకుండా తినలేదు," అంది కూతురు.

"కన్నకూతురు ఇంకేం చెబుతుంది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

టీచరమ్మ పట్టించుకోలేదు. "లేచి నాలుగడుగులు వెయ్యి."

కొడవలి నడిచాడు. నడుం నేలకి సమాంతరంగా ఉంది గాని గడ్డం ముందుకు లేచి, కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి.

"నేల చూస్తూ నడువు."

"వల్లకాదమ్మా, మెడ పట్టేస్తుంది. నడుం ఎలాగూ నేలనే చూస్తుంది. కళ్ళయినా మనుషుల్ని చూడొద్దా?"

ఆమె వేలికి చుట్టిన తాడు ఆగిపోయింది. ఏదో అనబోయేంతలో ఇన్‌స్పెక్టరు సెల్‌ఫోన్ మోగింది. అతను తెర మీద నంబరు చూసి, గొంతు తగ్గించి, వరండాలోకి వెళ్ళాడు.

కొడవలి చువ్వల మధ్య నుంచి ముఖం ముందుకి చాపాడు. "అమ్మా, పుస్తకం పోతే పోనీ. మేస్త్రి కోటు కుట్టే ముందు అట్టకాగితం మీద ఒంటి తీరంతా గీసి కత్తిరించుకుంటాడు. అవి పారెయ్యడు. తలుపు వెనక మేకులకి వేలాడుతుంటాయి. పుస్తకంలో ఏ నంబరో కాగితం మీదా అదే నంబరు."

"పేరుంటుందా?"

"ఆయనకి పేర్లు గుర్తుండవమ్మా, ముఖాలూ గుర్తుండవు. పెళ్ళికొడుకు వచ్చి నమస్కారం పెట్టినా, ఎవరు బాబూ నువ్వు అంటాడు. వెనక్కి తిరిగితే మాత్రం, ఓహో నువ్వా అంటాడు. ఒళ్ళు ఎలా ఉంటుందో మాటల్లో రాసుకుంటాడంతే."

"నేనూ చదివానండీ," అంది కూతురు మెల్లగా. "పొట్ట ముందుకి, పిరుదు లోపలికి, అలా రాస్తారు. మనిషిని చూడ్డం నాకూ నేర్పారు."

టీచరమ్మ ఆ పిల్లను ఒక్క క్షణం చూసింది. "అయితే ఆ కళ్ళతో ఒక పని చెయ్యి. సైకిలుందా? ఆస్పత్రికి వెళ్ళి మేస్త్రి దగ్గర ఎవరెవరున్నారో చూసి, షాపు దగ్గరికి వచ్చి నాకు చెప్పు. పేర్లు అక్కర్లేదు, మీ మేస్త్రిలాగే చూడు."

పిల్ల వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు తిరిగి వచ్చాడు.

"నేను షాపు చూడాలి," అంది టీచరమ్మ.

"మేం చూసేశాం."

"మీరు చూశారు. నేను చూడలేదు."

"అయితే నేనూ వస్తాను. మళ్ళీ మీకేదైనా కోటు దొరికితే?" అని నవ్వాడు.

*

మూడింటికి ఐదు నిమిషాల ముందు జీపు ఆ సందులో ఆగింది. తాళాల షాపు ముసలాయన అరుగు మీంచి లేచాడు. లేచినా, కూర్చున్నా పెద్ద తేడా లేదు.

"తాతా, ఆ రెయిన్‌కోటు మనిషి తల ఎలా పెట్టుకున్నాడు?" టీచరమ్మ వానలోనే నిలబడి అడిగింది.

"తలేంటమ్మా, తల! దించుకునే ఉన్నాడు. నేల మీద చిల్లర పారేసుకుని ఏరుకుంటున్నవాడిలా. నేను 'ఏం కొడవలీ, తిన్నావా' అన్నాను. ఆడు పలకలేదు."

"కొడవలి ఎప్పుడైనా పలక్కుండా వెళ్ళాడా?"

ముసలాయన ఆలోచించాడు. "ఆడా? ఆడు పలకరించి పలకరించి నా పని చెడగొడతాడు."

"పదండి పదండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ముసలోడి కబుర్లు విన్నామంటే తెల్లారిపోద్ది."

మెట్లు పన్నెండు. రెండు గోడల మధ్య ఇరుకుగా, నిటారుగా ఉన్నాయి. హెడ్డు ఒక మెట్టు ఎక్కి, బొజ్జను అటూ ఇటూ తిప్పి చూసి, "నేను కిందే కాపలా ఉంటాను సార్," అన్నాడు.

పైన గది గుమ్మం ఐదున్నర అడుగులే. మేస్త్రి నాలుగడుగుల తొమ్మిదంగుళాల మనిషి. తన ఎత్తుకి సరిపోతే చాలనుకుని పెట్టించుకున్నాడు. టీచరమ్మ వంగి లోపలికి వెళ్ళింది. వెనకే ఇన్‌స్పెక్టరు బాగా వంగి వచ్చాడు.

కత్తిరింపు బల్ల, సుద్దముక్కలు, టేపు, సగం కుట్టిన చొక్కా. గుమ్మానికి ఆరడుగుల లోపల నేల మీద ముదురు మరక. బొగ్గుల వేడి ఇంకా చల్లారక గది ఆవిరిపెట్టెలా ఉంది. ఇన్‌స్పెక్టరు చెంపల మీంచి చెమట ధారగా దిగుతోంది.

టీచరమ్మ ఒక మూల నిలవలేదు. బల్ల చుట్టూ తిరిగింది, కిటికీ దాకా వెళ్ళింది, మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చింది. గుమ్మం పై కమ్మీ లోపలి అంచున, బొటనవేలంత మేర, ఎండిన ఎరుపు కనిపించింది. దానికి రెండు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"ఇది మీ ఫైల్లో లేదు."

"మేస్త్రి నెత్తురు. కొట్టినప్పుడు చింది ఉంటుంది."

"మేస్త్రి పడింది ఆరడుగుల అవతల. చిందిన నెత్తురు చుక్కల్లా పడుతుంది, వెంట్రుకల్ని అతికించదు. పోనీ మేస్త్రి గుద్దుకున్నాడందామా, ఎగిరినా ఆయన తల ఇక్కడికి అందదు. కొడవలి దీని కింద నుంచి ముప్పై ఏళ్ళుగా పోతున్నాడు, ఆయన వీపు కూడా తగలదు." ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "వచ్చినవాడు గూనివాడు కాడు. గూని నటించాడు. నటించేవాడు తల కూడా దించేస్తాడు. నిజంగా నడుం ఒంగినవాడు తల ఎత్తుకుంటాడు. కొట్టాక కంగారులో నటన మర్చిపోయి, నిటారుగా లేచి పరిగెత్తి ఈ కమ్మీకి గుద్దుకున్నాడు. తర్వాత మెట్ల మీద మళ్ళీ గూని తగిలించుకున్నాడు. వాడి నుదుటి మీద ఇప్పుడు పెద్ద బొప్పి ఉండాలి!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఇన్‌స్పెక్టరు చెయ్యి టోపీ అంచు మీదికి వెళ్ళి ఇంకాస్త కిందికి లాగింది.

టీచరమ్మ చూసింది. కాని వెతకాల్సిన తొందరలో ఆ చూపు మనసు దాకా దిగలేదు. తలుపు రెక్క గోడకి ఆని ఉంది. పట్టుకుని లాగి మూసింది. వెనక గోడంతా మేకులు. ఒక్కో మేకుకి గుత్తులుగా అట్టకాగితాలు, చొక్కాలు విప్పేసిన మనుషుల్లా వేలాడుతున్నాయి. 209. 210. 212 లోపలగా ఉంది.

తీసి వెలుతురుకి పట్టుకుంది. ముందు భాగం పొడవు, వెనక భాగం పొట్టి. ఛాతీ విరుచుకుని నిలబడేవాడికి అలాగే కత్తిరించాలి. కింద మేస్త్రి సుద్దగీతల్లాంటి అక్షరాలు. చివరి వాక్యాలకి వచ్చేసరికి ఆమె కుడిచెయ్యి ఇందాక స్టేషన్లో లేచినట్టే మళ్ళీ లేచింది. ఎదుట ఎవరో కుర్రాడు వరసలో నిలబడ్డట్టు, వాడి భుజాన్ని పైకి సర్దబోతున్నట్టు. మూడేళ్ళు రోజూ సర్దిన భుజం అది.

పదకొండింటికి తను ఫోన్ చేసినప్పుడు ఎత్తింది ఎవరు? ఇతనే.

"ఏముంది టీచరమ్మా?" గొంతు మరీ దగ్గర్నుంచి వచ్చింది.

"పిచ్చి రాతలు. పేరేం లేదు."

"ఇటివ్వండి. సాక్ష్యం కదా, నా దగ్గరుండాలి."

మూసిన తలుపు. ఇద్దరే. కింద హెడ్డు ఉన్నాడు గాని, అతను ఎక్కలేని మెట్లు అవి. ఆమె కాగితం ఇచ్చేసింది. ఇన్‌స్పెక్టరు చదవలేదు. చదవాల్సిన అవసరం లేనట్టు చుట్టచుట్టి పట్టుకున్నాడు. తలుపు తీసి, "మూడున్నర. నాలుగింటికి కోర్టులో ఉండాలి, పదండి," అంటూ గుమ్మంలోకి వంగాడు.

టీచరమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ముప్పై ఏళ్ళు మైదానం ఆ చివరికి వినబడిన గొంతు అది.

"సావధాన్!"

మనసు మర్చిపోయినా ఒళ్ళు మర్చిపోదు. ఇన్‌స్పెక్టరు వీపు కర్రలా లేచింది. ఛాతీ విరుచుకుంది. మడమలు టక్కుమని కలిశాయి. తల వెళ్ళి అదే కమ్మీకి, అదే చోట, ఠంగున తగిలింది. టోపీ ఎగిరి మెట్ల మీద దొర్లింది. దాని వెనకే కాగితం చుట్ట విచ్చుకుంటూ జారి హెడ్డు బూట్ల దగ్గర ఆగింది.

హెడ్డు ముందు టోపీ చూశాడు, తర్వాత పైకి చూశాడు. ఇన్‌స్పెక్టరు నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి. దాని మీద అడ్డంగా వేసిన పట్టీ ఊడి, నెత్తురు కనుబొమ్మ మీదికి కారుతోంది.

"హెడ్డూ! ఆ కాగితం చదువు. గట్టిగా!"

"చదవకు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

హెడ్డు ఇద్దరికేసీ చూశాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి పై అధికారి మాట వినలేదు. "రెండొందల పన్నెండు. పొడుగు, ఐదడుగుల పదకొండు. ఒంట్లో కండ లేదు, ఎముక పెద్దది. కర్ర మనిషి, ఛాతీ ముందుకి, మెడ వెనక్కి." చదువుతూ తలెత్తి చూశాడు. "ఎడమ భుజం రెండు వేళ్ళు జారుడు. నిలబడితే మడమలు కలుపుతాడు..."

పై మెట్టు మీద ఇన్‌స్పెక్టరు మడమలు ఇంకా కలిసే ఉన్నాయి.

"ఏరా," అంది టీచరమ్మ. మీరు అన్న మాట ఎక్కడో రాలిపోయింది. "ఆ ఎడమ భుజం పైకెత్తరా అని ఎన్నిసార్లు చెప్పాను?"

ఇన్‌స్పెక్టరు కిందికి ఉరికాడు. కాని కింది మెట్టు దగ్గర హెడ్డు ఉన్నాడు. అతను ఏమీ చెయ్యలేదు, ఊరికే మెట్ల నోట్లోకి ఒక అడుగు వేశాడు. ఆ బొజ్జని దాటుకుని ఆ సందులోంచి పిల్లి కూడా పోలేదు. "తుపాకీ ఇటివ్వండి సార్," అన్నాడు చెయ్యి చాపి. "తప్పుగా అనుకోకండి సార్."

ఇన్‌స్పెక్టరు ఇచ్చేశాడు. వానలోకి వచ్చి నిలబడ్డాక అతని ముఖంలో కంగారు లేదు. అదే టీచరమ్మకి నచ్చలేదు. పట్టుబడ్డవాడు ఇంత నిమ్మళంగా ఉండకూడదు.

"ఒక బొప్పి, ఒక చిత్తు కాగితం," అన్నాడు. "కొలిచినవాడు కోర్టుకొచ్చి చెబితేనే కదా టీచరమ్మా దానికి విలువ?" అని చేతి గడియారం చూసుకున్నాడు.

అప్పుడే సందు మలుపులో సైకిలు గంట వినిపించింది. కొడవలి కూతురు తడిసి ముద్దయి, రొప్పుతూ దిగింది.

"మేస్త్రి వేళ్ళు కదిపారండీ! నేను చూశాను. నీళ్ళు అన్నట్టు పెదవులు కూడా..."

"దగ్గర ఎవరున్నారు?"

"పాత కానిస్టేబులు వెళ్ళిపోయారు. మూడింటికి కొత్తాయన వచ్చారు." పిల్ల కళ్ళు మూసుకుంది, మేస్త్రి నేర్పినట్టు. "కుదిమట్టంగా, దిట్టంగా ఉన్నారు. మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఖాకీ చొక్కా ఆయనది కాదు, చేతులు పొట్టయ్యాయి, చంక దగ్గర పట్టేస్తోంది. బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమకాలు మడిచి గోడకి ఆనించారు. కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. మేస్త్రి కదిలారని చెప్పగానే, ఇక నువ్వెళ్ళు, నేను చూసుకుంటాను అన్నారు."

టీచరమ్మ హెడ్డు వైపు తిరిగింది. "మీ వాళ్ళలో కాపలా డ్యూటీలో గోడకి కాలు ఆనించి నిలబడేవాడున్నాడా?"

"పరేడులో అలా నిలబడితే వీపు పగలగొట్టేవాళ్ళమ్మా," అన్నాడు హెడ్డు. తన మాట తనకే అర్థమై అతని ముఖం పాలిపోయింది. "వాడు పోలీసు కాడు."

ఇన్‌స్పెక్టరు చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. జీపు తాళంచెవి గాల్లోకి ఎగిరి, పొంగి పారుతున్న మురుక్కాలవలో బుడుంగున మునిగింది.

"మూడూ నలభై. ఇక అందుకోలేరు," అన్నాడు.

"హెడ్డూ, ఇతన్ని వదలకు, ఆస్పత్రికి ఫోన్ చేస్తూ ఉండు!" అంది టీచరమ్మ. పిల్ల చేతిలోంచి సైకిలు లాక్కుని, కొంగు దోపుకుని ఎక్కింది. ఆస్పత్రి రెండు మైళ్ళు, సగం దూరం పల్లమే. విజిలు పళ్ళ మధ్య బిగించి తొక్కడం మొదలుపెట్టింది. సందు దాటకముందే వెనక నుంచి ఆ పిల్ల కేక వినిపించింది.

"టీచరుగారూ! దానికి బ్రేకులు పడవండీ!"